ఉందంటే నమ్మినవాళ్ళు

"పాటమ్మ పోనాది బాబూ."

మా వీధిలో చేపలు అమ్మే మనిషి నెత్తి మీద తట్ట దించకుండానే, గేటు అవతల నిలబడి ఈ మాట చెప్పింది. నేను నోట్లో బ్రష్షు పెట్టుకుని ఉన్నాను. అయ్యో అనలేదు. ఎప్పుడని అడగలేదు. నురగ ఉమ్మేసి, "దేనితో?" అన్నాను.

ఆమె నా వంక అదోలా చూసింది. "నీ జబ్బుతో కాదులే. రాత్రి అన్నం తిని తొంగున్నాది, తెల్లారి నెగనేదు. గుండాగిపోనాదన్నారు. డెబ్బయ్యేల్లు దాటిపోనాయి కదేటి" అంది. అప్పుడు తట్ట దించింది గానీ, చేపలు చూపించలేదు. అరుగు మీద కాసేపు కూర్చుని వెళ్ళిపోయింది.

నాకు సిగ్గేసింది. ఇరవై ఏళ్ళకు పైగా హార్బర్ ప్రాంతంలో టీబీ మాత్రలు మింగించే ఉద్యోగం చేసీ చేసీ, చావు కబురు వింటే కూడా కారణం అడిగే పురుగునైపోయాను. అదీ ఆమె విషయంలో.

పేరు రాయను. మా ఉద్యోగంలో చేరిన మొదటి రోజే చెప్పేది రోగి పేరు బయటపెట్టొద్దని. ఆ నియమాన్ని నలభై మంది ముందు కాలితో తన్నిన మనిషి పేరుని అదే నియమం పాటించి దాస్తున్నాను. బతికుండగా ఇది ఎవరైనా చదివి వినిపిస్తే నన్ను చెడామడా తిట్టేది. హార్బర్‌లో అందరూ పాటమ్మ అనేవారు గనక నేనూ అంతే అంటాను.

హార్బర్‌లో పాట అంటే వేలంపాట. తెల్లవారకముందే బోట్లు వచ్చి జెట్టీకి ఆగుతాయి. సరుకంతా సిమెంటు గచ్చు మీద కుప్పలు పోస్తారు. కొనేవాళ్ళు చుట్టూ మూగుతారు. మధ్యలో ఒక ప్లాస్టిక్ ట్రే బోర్లించి, దాని మీద ఒక కాలు పెట్టి, చీర కుచ్చిళ్ళు పైకి దోపి ఆమె పాట మొదలుపెట్టేది. బోటు ఇంజన్లు, ఐసు పగలగొట్టే చప్పుడు, కాకులు, తిట్లు, వాటన్నిటినీ దాటి ఆ గొంతు జెట్టీ చివరిదాకా పోయేది. ఒకటోపాలి, రెండోపాలి అంటూ మూడోపాలికి నోటితో చెప్పకుండా తొడ మీద ఒక్క దెబ్బ కొట్టేది. ఆ దెబ్బ పడిందంటే బేరం అయిపోయినట్టే. తర్వాత ఎవరు బతిమాలినా లాభం లేదు.

పాడుతున్నంతసేపూ చేపల్ని చూసేది కాదు, కొనేవాళ్ళ మొహాలూ చూసేది కాదు. వాళ్ళ కాళ్ళు చూసేది. ఒకసారి అడిగాను ఇదేం అలవాటని.

"మొకం అబద్దం ఆడతాది బాబూ. సరుకు మీద మనసున్నోడు వొద్దొద్దంటూనే కాలి బొటనేలు గచ్చుకి నొక్కుతాడు. ఆడి దగ్గర నాను దిగను" అంది.

నన్ను "అండీ బాబు" అని పిలిచేది. మా నాన్న గోదావరి నుంచి స్టీల్‌ప్లాంటు ఉద్యోగానికి వచ్చిన మనిషి. నేను పుట్టి పెరిగింది ఇక్కడే అయినా ఇంట్లో మాట నోట్లోంచి పోలేదు. నేను నోరు తెరవగానే ఆమె "అండీ... ఆయ్..." అని వెక్కిరించేది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు పడీపడీ నవ్వేవారు. నాకూ అది బాగానే ఉండేది, ఎందుకు కాదనాలి?

ఆమె మా టీబీ సెంటర్‌కి వచ్చింది జబ్బని కాదు. గొంతు చీలిపోతోంది, పాటకి రావడం లేదు, గొంతుకి మందియ్యి అని వచ్చింది. మాట్లాడుతున్న నాలుగు నిమిషాల్లో మూడుసార్లు దగ్గింది. ఎన్నాళ్ళ నుంచి అంటే, లెక్కెవులు పెట్టినారు, నెల అయుంటాది అంది. నేను కఫం పట్టే డబ్బా చేతికిచ్చాను. మర్నాడు ఫలితం వచ్చింది. ఉంది. బాగానే ఉంది.

ఆమెని పక్క గదిలోకి పిలిచి తలుపు వేశాను. ఆమె లేచి తలుపు తీసింది.

"తలుపెందుకేత్తన్నావ్?"

"మీకు టీబీ ఉందండీ."

"ఉందండీ!" అని నన్ను వెక్కిరించింది. "మీ గోదారోల్లు ఇలాటి కబురుకి కూడా అండీ తగిలిస్తారేటి?"

నవ్వుతోందనుకున్నాను. కానీ చేతులు ఒళ్ళో పెట్టుకుని ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంది. నేను రోజూ అందరికీ చెప్పేదే చెప్పాను. ఆరు నెలలు మాత్రలు వాడితే పూర్తిగా పోతుంది, భయం లేదు. అయితే కఫం శుభ్రంగా వచ్చేదాకా గుంపులో నిలబడి అరవకూడదు. పాట ఆపాలి. డాక్టరుగారు రెండు నెలలన్నారు.

"రెండు నెల్లు నాను నేకపోతే ఆ ట్రే మీద ఇంకోడి కాలు పడతాది బాబూ. ముప్పయ్యేల్లు నిలబడ్డాను దాని మీద. పడిన కాలు మల్లీ తీస్తాడేటి?"

నేను మాస్కుల పొట్లం తీసి ముందు పెట్టాను. ఆమె ఒకటి తీసి అటూ ఇటూ తిప్పి చూసి బల్ల మీద పడేసింది.

"కరోనాలో కట్టుకున్నారు కదండీ" అన్నాను.

"అప్పుడు ఊరంతా కట్టినారు. ఇప్పుడు నానొక్కర్తినే కట్టాలా? అది మందు కాదు, నా మొకం మీద బోర్డు. అయినా గుడ్డ కట్టుకుని పాటెలాగ పాడతారు?"

అప్పుడు నేను మా ఉద్యోగులందరం చేసే పనే చేశాను. మేము కనికరం అనుకుని చేసే తప్పు అది. మంచి మాట చెబుతున్నట్టు గొంతు తగ్గించి, "పచ్చకామెర్లని చెప్పండి" అన్నాను. కామెర్లంటే ఎవరూ దూరం జరగరు. ఉప్పు తగ్గించి, మజ్జిగన్నం తిని, రెండు నెలలు ఇంట్లో ఉండొచ్చు. ఎంతమందికి చెప్పానో ఆ అబద్ధం. హార్బర్ చుట్టుపక్కల నా మాట మీద కామెర్లు వచ్చిన ఇళ్ళు వరసగా ఉంటాయి.

ఆమె నా మొహంలోకి చూసింది, మొదటిసారి. "కామెర్లంటే మా వోల్లు నన్ను లాక్కెల్లి పసరు తాగిస్తారు. అది సరే. మరి నెల్లాల్లుగా నా ఎదురుగా నిలబడి నా ఊపిరి పీల్చినోల్ల సంగతేటి? ఆల్లకి దగ్గొస్తే ఆల్లకీ కామెర్లేనా?"

ఆమె మాత్రల డబ్బా కొంగులో కట్టుకుని, మాస్కులు బల్ల మీదే వదిలేసి, "ఆలోసిస్తాను" అని వెళ్ళిపోయింది.

మర్నాడు తెల్లవారుజామున నాకు మనసాగక స్కూటర్ తీసి హార్బర్‌కి వెళ్ళాను. జెట్టీ మలుపు తిరగకముందే ఆ గొంతు వినిపించింది. కొంచెం చీలింది గానీ అదే గొంతు. ట్రే మీద కాలు, దోపిన కుచ్చిళ్ళు, మొహాన ఏమీ లేదు. చుట్టూ ఒకరి భుజం మీదుగా ఒకరు, ముప్పై నలభై మంది. మా వీధికి వచ్చే చేపల మనిషి పొట్టిది గనక ఎప్పుడూ ముందు వరసలోనే నిలబడేది. ఆ రోజూ పాటమ్మ నోటికి బెత్తెడు దూరంలో మొహం పెట్టి ఉంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. తెలిసీ చేస్తోంది. అరుద్దామా? అరిస్తే ఆమె గుట్టు రట్టు చేసినవాణ్ణవుతాను. ఆ తర్వాత ఆ చుట్టుపక్కల ఒక్కరైనా నా దగ్గరికి వచ్చి దగ్గుతారా? అరవకపోతే? ఒక్కొక్క మాటకీ ఆ ముందు వరస మీద ఏం పడుతోందో నాకు తెలుసు, వాళ్ళకి తెలియదు. నా ఉద్యోగంలో నేర్పిన నియమాల్లో దీనికి జవాబు లేదు. ఏం చేయాలో తోచక, జనాన్ని తోసుకుంటూ లోపలికి వెళ్ళి వరసలో నిలబడ్డాను.

ఆమె కాళ్ళు చూస్తూ పాడుతోంది. బురద కాళ్ళు, రబ్బరు చెప్పులు, వాటి మధ్య నా ఆఫీసు బూట్లు. పాట రెండోపాలి దగ్గర ఆగిపోయింది.

ఎవరికీ అర్థం కాలేదు. తొడ మీద దెబ్బ కోసం ఎదురుచూస్తున్నారు. ఆమె ట్రే మీంచి కాలు తీసి, నాలుగడుగులు వెనక్కి వేసి, గాలి సముద్రం వైపు పోయే చోట నిలబడింది. కొంగు నాలుగు మడతలు వేసి నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ గుడ్డలోంచే, జెట్టీ చివరిదాకా వినబడేలాగ అంది.

"నాకు టీబీ ఉన్నాది. నిన్ననే సెప్పినారు."

గుంపు చెల్లాచెదరైంది. ఒకాయన వెనక్కి నడిచి ఐసు కుప్పలో కూలబడ్డాడు. ఎవరో బూతులు అందుకున్నారు.

"ఎక్కడికెల్తన్నారు? నెల్లాల్లు పీల్చేసి ఇప్పుడు పరిగెడితే ఏటొస్తాది? ఆగండి! రేపు పొద్దున్న ఈ అండీ బాబు దగ్గరికెల్లి అందరూ కఫం ఇవ్వాల. నా ముందు ఎవులెవులు నిలబడ్డారో నాకు తెలుసు. రానోడి ఇంటికి నానే వచ్చి గుమ్మంలో కూకుంటాను, దగ్గుకుంటా."

బోట్ల సంఘం పెద్ద అప్పుడే టీ గ్లాసుతో వచ్చాడు. సంగతి విని, "ఇంక నువ్వు పాటకి రాకు. మేం సెప్తన్నాం" అన్నాడు.

"నువ్వెవులివి సెప్పడానికి? నన్నెవులూ పంపనేదు. నానే ఎల్తన్నాను. ఈల్లందరి కోసం ఎల్తన్నాను. అది పోయింతర్వాత నానే వత్తాను. ఆ ట్రే నాది. ఎవులైనా పాడుకోండి, ఎవులైనా కాలెట్టండి, నాను వచ్చిన్నాడు మాత్రం తియ్యాల" అంది.

నన్ను దాటి వెళ్తూ, ఆగకుండానే, "నువ్వు నోరిప్పుతావేమోనని సూసినాను. ఇప్పేసుంటే సంపేద్దును" అంది.

ఆ ఉదయం ఆమె చేసింది ఒప్పని నేను ఎప్పుడూ అనలేదు. తప్పని ఆమె ముందే అన్నాను. "తప్పే. ఒక్కపాలి పాడాలనిపించింది, పాడినాను. తప్పు కాదని నానన్నానా?" అంది. ఒప్పుకోవడంలో కూడా పోట్లాట గొంతే.

ముందు వరసల వాళ్ళు దాదాపు అందరూ వచ్చారు. కొందరు తిట్టుకుంటూ వచ్చారు, కొందరు ఆమె నిజంగానే గుమ్మంలో కూర్చుంటుందని భయపడి వచ్చారు. ఇద్దరికి ఉందని తేలింది. అందులో ఒకరు మా వీధికి వచ్చే చేపల మనిషే.

ఆ కబురు నేనే చెప్పాను పాటమ్మకి. ఆమె విని చీపురు తీసుకుని అప్పటికే ఊడ్చి ఉన్న తన వాకిలి మళ్ళీ మొత్తం ఊడ్చింది. మర్నాటి నుంచి చేపల మనిషి మాత్రలకు వచ్చే వేళకే తనూ వచ్చేది. బయట వరండాలో, దూరంగా, మాస్కు కట్టుకుని కూర్చునేది. అవును, కట్టుకునేది. ఎవరూ చెప్పకుండానే. తన వంతు రాగానే మాత్రలు గుటుక్కున మింగి, నోరు ఇంత తెరిచి, నాలుక బయటపెట్టి, "సూసుకో, మింగినాను" అనేది నాతో. చేపల మనిషి మొహం తిప్పుకునేది. నెల రోజులు ఒక్క మాట లేదు. ఒకరోజు ఆ నాలుక చూసి ఫక్కున నవ్వేసింది. ఆ నవ్వుకి పాటమ్మ కళ్ళ వెంట నీళ్ళు జారాయి, అప్పుడు మాత్రం ఏడ్చింది.

నేను పాటమ్మ ఇంటికి మాత్రలు తీసుకెళ్ళాల్సి వచ్చిన రోజుల్లో సంచీ మీద టీబీ అనే అక్షరాలు లోపలికి తిప్పి, వెనక సందులోంచి వెళ్ళేవాణ్ణి. రెండోసారికే గదమాయించింది. "దొంగోడిలాగ సందులోంచొత్తావేటి? నాను ఏటి సేసినాననీ? ముందునుంచి రా." అప్పటి నుంచి ముందు వీధిలోంచి, అక్షరాలు బయటికి పెట్టుకుని, అందరూ చూస్తుండగా వెళ్ళేవాణ్ణి.

రెండు నెలలైంది. కఫం శుభ్రంగా వచ్చింది. డాక్టరుగారు, ఇక ఎవరికీ అంటదు, పనిలోకి వెళ్ళొచ్చు అని కాగితం రాసి సంతకం చేశారు. నేను దాన్ని సంబరంగా పట్టుకెళ్ళి ఇచ్చాను.

"దీన్నేటి సేసుకోమంటావు?"

"సంఘం పెద్ద అడుగుతాడు కదండీ."

"అడగనీ. నీ కాడే ఉంచు. ఎవులికీ సూపించకు" అంది.

మర్నాడు ఆమె హార్బర్‌కి వెళ్తుంటే నేనూ వెళ్ళాను. ట్రే దగ్గరికి వెళ్ళి, "పోయింది. వచ్చినాను" అంది. అంతే. అక్కడ పాడుతున్నతను కాలు తీశాడు, పాపం, మర్యాదస్తుడు. సంఘం పెద్ద మాత్రం అడ్డం వచ్చాడు. "పోయినట్టు కాగితమేదీ?" అన్నాడు.

ఆమె నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఉన్నాదని నానే సెప్పినాను. అప్పుడు ఏ కాగితం అడిగినావు? నా నోటిమాటకే ఐసులో పడి దొర్లినారు కదా ఈల్లంతా. ఉందంటే నోటిమాట సాలింది. పోయిందంటే కాగితం కావాలా?"

ఆమె ట్రే మీద కాలు పెట్టింది. బోటు వాళ్ళు తమ సరుకు అవతలి షెడ్డులోకి మోసుకెళ్ళి అక్కడ పోసుకున్నారు. కొనేవాళ్ళు అటే వెళ్ళారు. చేపల మనిషి నీరసంతో మాత్రలకు తప్ప ఇల్లు కదలడం లేదు గనక ఆమె కూడా లేదు. ఆ రోజంతే. మర్నాడూ అంతే. మూడో రోజూ అంతే. ఖాళీ గచ్చు ముందు, ఒక కాలు ట్రే మీద పెట్టుకుని, పాట వేళ అయ్యేదాకా నిలబడి ఇంటికి వెళ్ళిపోయేది. నేను పక్కనే ఉండి ఏమైనా అనబోతే చెయ్యి అడ్డం పెట్టేది. మెత్తబడలేదు, బతిమాలలేదు.

నాకు ఆగలేదు. మూడో రోజు సాయంత్రం సంఘం ఆఫీసుకు వెళ్ళి ఆ కాగితం తీసి పెద్ద ముందు పెట్టాను. అతను వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం చదివి, "ఇది ముందే సూపిస్తే అయిపోను కదా సారూ" అన్నాడు.

నాలుగో రోజు బోట్లు ఆమె ముందే సరుకు పోశాయి. గుంపు మూగింది. ఆమె ఒక క్షణం వాళ్ళందరి వంకా చూసి, తర్వాత దూరంగా ఉన్న నా వంక చూసింది. తెలిసిపోయింది. పాట పాడింది, తొడ మీద దెబ్బ కొట్టింది, అన్నీ చేసింది. ఆ మధ్యాహ్నం సెంటర్‌కి వచ్చి మాత్రలు మింగి, నోరు తెరిచి చూపించి, మెల్లగా అంది.

"ఆల్లు నా మాట మీద రావాల. రెండ్రోజులు పట్టునో, రెండు నెల్లు పట్టునో. నువ్వు ఆల్లకి ఆ బాధ నేకుండా సేసేసినావు సార్."

సార్. ఆ రోజు నుంచి నన్ను అండీ బాబు అనలేదు. మిగిలిన నాలుగు నెలలూ ఒక్క మాత్ర కూడా మానలేదు. వెక్కిరించడం మాత్రం మానేసింది. ఆ తర్వాత ఎన్నిసార్లు హార్బర్‌లో ఎదురుపడినా, "బాగున్నారా సార్" అనే అంది. ఆ మర్యాద నాకు గుచ్చుకునేది.

ఆమెతో నేను ఇప్పటికీ లోలోపల వాదిస్తూనే ఉంటాను. కడుపు మాడ్చుకుని ఖాళీ గచ్చు ముందు నిలబడితే చూస్తూ ఊరుకోమంటావా అంటాను. జనానికి భయం ఉండదా అంటాను. ఆమె నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడుతుంది, నా వాదన అక్కడితో సరి. నలుగురి క్షేమం కోసం ఒక మనిషి ఏం చేయాలో అది ఆమె చేసింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది, పాట వదులుకుంది, గుట్టు వదులుకుంది. బదులుగా ఆ నలుగురూ ఆమెకి చేయాల్సింది ఒక్కటే, నమ్మడం. దాని అవసరం లేకుండా నేను ఒక కాగితంతో వాళ్ళని వదిలించేశాను. మంచి చేశాననుకుని చేసిన పని కాబట్టి ఇంకా ఎక్కువ కోపం వస్తుంది నా మీద నాకు.

చావు కబురు విన్న ఆ పొద్దున్నే ఆఫీసుకు సెలవు పెట్టి పాటమ్మ ఇంటికి వెళ్ళాను. వాకిట్లో పడుకోబెట్టారు. హార్బర్ అంతా వచ్చింది. చేపల మనిషి నాకంటే ముందే వచ్చి తల దగ్గర కూర్చుని ఉంది. నేను దండ వేసి పక్కకి వచ్చి నిలబడ్డాను. సంఘం పెద్ద నా భుజం మీద చెయ్యి వేసి గోడ పక్కకి తీసుకెళ్ళాడు. ముసలివాడైపోయాడు, చేతికర్ర వచ్చింది.

"ఈ టైములో అడగకూడదు గానీ సారూ, మా బోటు నడిపే సరంగు ఉన్నాడు కదా, మీ కాడ మందులు తిన్నాడు. రేపు మల్లీ బోటెక్కుతానంటన్నాడు. వారం రోజులు ఎనిమిది మంది ఒకే గదిలో తొంగుంటారు. మా భయం మాకుంటాది కదేటి. ఆడి కాగితమేదైనా ఉంటే ఓపాలి సూపించండి."

కాగితం ఉంది. ఫోటో నా ఫోన్‌లోనే ఉంది. నా చెయ్యి చొక్కా జేబు దాకా వెళ్ళింది.

"జబ్బుందని మొదట మీకు ఎవరు చెప్పారు?" అన్నాను.

"ఆడే. ఆడే సెప్పి బోటు దిగిపోనాడు."

"ఇప్పుడేమంటున్నాడు?"

"తగ్గిపోయిందంటన్నాడు."

చెయ్యి జేబు దగ్గర్నుంచి తీసేశాను.

"అయితే తగ్గిపోయింది" అన్నాను.